తెర అవతలి చేతులు

ఆరుగురు ఆడవాళ్ళు ఆ డాక్టరమ్మ మీద ఫిర్యాదు చేశారు. ఐదుగురు వెనక్కి తీసుకున్నారు. ఆరో ఆవిడ నా డిటెక్టివ్ ఆఫీసులో కిటికీ పక్కన నిలబడి ఉంది. కుర్చీ చూపించాను. తల అడ్డంగా ఊపింది.

"అది కూర్చోలేదు బాబూ," అంది ఆవిడ అత్తగారు, ఆ కుర్చీలో తానే కూలబడుతూ. "కూర్చోగలిగితే మీ గడప ఎందుకు తొక్కుతాం?"

కోడలు బస్సు డ్రైవరు. ఆపరేషన్ తర్వాత మళ్ళీ స్టీరింగ్ ముట్టలేదు. రేపు ఉదయం వైద్య మండలిలో విచారణ. తప్పు డాక్టరుదని తేలితే డిపో వాళ్ళు ఆమెకి నిలబడి చేసే పని ఏదో ఒకటి ఇస్తారు. తప్పు ఆమెదే అని తేలితే ఇంటికి పంపేస్తారు. క్లినిక్ వాళ్ళ వాదన ఒకటే ముక్క. ఆపరేషన్ సవ్యంగా జరిగింది, పేషెంటే మాట వినకుండా తొందరపడి బస్సెక్కింది.

"ఎక్కారా?" అని అడిగాను.

"బస్సు మొహం చూళ్ళేదు సార్. మంచం దిగడానికే నెల పట్టింది."

"అసలు ఎందుకు చేయించుకున్నారు?"

అత్తగారు నా వైపు చురుగ్గా చూసింది. కోడలే జవాబు చెప్పింది.

"గంటలకొద్దీ సీట్లో కూర్చుంటే అక్కడ చర్మం ఒరుసుకుని పుండు పడేది. ఎండాకాలం మరీను. డాక్టరమ్మకి చూపిస్తే కాస్త చర్మం తీసేస్తే చాలంది. పైగా అందంగా కూడా ఉంటుందంది. అందం నేను అడగలేదు సార్. అది ఆవిడే కలిపింది."

"అడిగితే మాత్రం తప్పేముంది?" అంది అత్తగారు. "దాని ఒళ్ళు దాని ఇష్టం. మొహానికి పౌడరు రాస్తే లేని తప్పు అక్కడొచ్చిందా?"

"మీ ఆయనకి తెలుసా?"

"ఏదో ఆడవాళ్ళ ఆపరేషన్ అని తెలుసు."

"అంతకంటే చెబితే వాడి బుర్ర వేడెక్కుతుంది," అంది అత్తగారు. "కన్నదాన్ని, నాకు తెలీదా."

"వేరే డాక్టరుకి చూపించారా?"

"చూపించాం. తియ్యాల్సినదానికి రెండింతలు కోశారంది. నరం కూడా తెగిందంది. అదే మాట మండలిలో చెప్పమంటే మాత్రం లేచి తలుపు తీసి, ఇక వెళ్ళండి అంది."

కాకి మాంసం కాకి తినదు. నేను ఆశ్చర్యపడలేదు.

"నిన్న ఒకాయన ఇంటికొచ్చాడు బాబూ," అంది అత్తగారు. "నెత్తిన వెంట్రుక లేదు, గొంతులో గట్టి లేదు. ప్రతి మాటకీ అమ్మా అమ్మా అంటాడు. ఆపరేషన్‌కి ముందు తీసిన ఫోటోలూ తర్వాత తీసిన ఫోటోలూ రేపు మండలిలో మగాళ్ళందరి ముందూ పెడతారట. ఆలోచించుకోమన్నాడు."

"మీరేమన్నారు?"

"పెట్టుకోమన్నాను. ఆ మగాళ్ళు ఆకాశంలోంచి ఊడిపడ్డారా ఏం?"

కోడలు నవ్వలేదు. కిటికీ చువ్వ పట్టుకుని ఉంది. "అత్తయ్య అలాగే అంటుంది సార్. అక్కడ నిలబడాల్సింది నేను."

వచ్చినవాడు ఎవడో నాకు తెలుసు. పోలీసు ఉద్యోగంలో నాతో కలిసి పనిచేశాడు. రిటైరయ్యాక ఆసుపత్రుల తరఫున ఇలాంటి పనులు ఒప్పుకుంటున్నాడు. చెయ్యి ఎత్తడు, గొంతు పెంచడు. ఎదుటివాడి గొంతు మాత్రం తెగి ఉంటుంది. డిపార్టుమెంటులో అందరం వాణ్ణి తడిగుడ్డ అనే పిలిచేవాళ్ళం. ఐదుగురు ఎందుకు వెనక్కి తగ్గారో ఇక ఎవరినీ అడగనక్కర్లేదు.

"ఆ రోజు ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పండి," అన్నాను. "చిన్న విషయమని ఏదీ వదలొద్దు."

చెప్పింది. నడుం దగ్గర సూది గుచ్చారు. కింద సగం రాయి అయిపోయింది. మెలకువ పోలేదు. ఛాతీ మీదుగా ఆకుపచ్చ తెర కట్టారు. అవతల ఏమీ కనబడలేదు. డాక్టరమ్మ తల దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది.

"నా చెయ్యి పట్టుకుంది సార్. పిల్లలెంతమంది, ఏ రూట్లో బస్సు, అన్నీ అడిగింది. మధ్యలో జుట్టు కాలినట్టు వాసన వచ్చింది. నేను భయపడితే ఇంకా గట్టిగా పట్టుకుంది. రక్తం ఆపడానికి మిషనుతో కాలుస్తారు, ఏం కాదు తల్లీ అంది. అందుకే ఆవిడ మీద ఫిర్యాదు పెట్టడానికి నాకు చాన్నాళ్ళు మనసు రాలేదు. పురిటి గదిలో మా అమ్మ కూడా నా చెయ్యి అలా పట్టుకోలేదు."

"ఎప్పుడు వదిలింది?"

"అయిపోయింది, లేపండి అన్నాక."

"ఒక చేత్తో పట్టుకుందా, రెండు చేతుల్తోనా?"

"రెండు చేతుల్తోనూ."

నేను పెన్ను మూశాను. మా ఆవిడ పోయిన రోజు ఒక డాక్టరు నా భుజం తట్టాడు. అప్పటినుంచి తట్టే చేతులు నాకు గిట్టవు. కానీ గిట్టకపోవడం సాక్ష్యం కాదు. ఇది సాక్ష్యం.

అత్తగారు కుర్చీలోంచి మెల్లగా లేచింది.

"ఒసే," అంది కోడలితో, "ఆవిడ రెండు చేతులూ నీ దగ్గరుంటే, నిన్ను కోసిందెవరే?"

*

మధ్యాహ్నం క్లినిక్‌కి వెళ్ళాను. ఆపరేషన్ గది చూడడానికి మండలి అనుమతి నా జేబులో ఉంది. దాన్ని వెంటనే బయటికి తీయలేదు. ముందు రిసెప్షన్‌లో అమ్మాయి దగ్గర నిలబడి, మా చెల్లెలికి ఆపరేషన్ చేయించాలి, భయపడుతోంది అన్నాను.

"అస్సలు భయం లేదండీ," అంది ఆ పిల్ల. "మా డాక్టరమ్మ గారు ఆఖరి కుట్టు పడేదాకా పేషెంటు చెయ్యి వదలరు. ఇక్కడికొచ్చిన వాళ్ళెవరినైనా అడగండి, ముందు ఆ మాటే చెబుతారు."

గొప్పగా చెప్పింది. ఆ క్లినిక్‌లో అందరూ దాన్ని గొప్పగానే చెప్పుకుంటూ వచ్చారు. ఏం చెప్పుకుంటున్నారో ఒక్కరూ ఆగి వినలేదు.

డాక్టరమ్మ గదిలో తడిగుడ్డ ముందే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టాడు. డాక్టరమ్మ కూడా లేచింది. నవ్వు మొహం. రెండు చేతులూ తెల్లకోటు జేబుల్లో ఉన్నాయి. నా కార్డు చాపాను. ఆమె చెయ్యి బయటికి రాలేదు. పక్కనున్న మనిషి అందుకున్నాడు.

"మా తమ్ముడు," అంది. "ఇక్కడ మేనేజరు. లెక్కాడొక్కా అంతా వాడే చూసుకుంటాడు."

"ఏం చదివారు?" అని అతన్నే అడిగాను.

"కామర్సండీ."

డాక్టరమ్మ వైపు తిరిగాను. "బస్సు డ్రైవరుకి ఆపరేషన్ చేసింది ఎవరు?"

"నేనే."

"మొదటినుంచి చివరిదాకా?"

"మొదటినుంచి చివరిదాకా."

"మరి ఆవిడ చెయ్యి పట్టుకుంది ఎవరు?"

నవ్వు అలాగే ఉంది. కళ్ళు మాత్రం ఒక్కసారి తమ్ముడి మీదికి పోయి వచ్చాయి. "నేనే. మత్తు ఎక్కేదాకా."

"మీ రిసెప్షన్ అమ్మాయి ఆఖరి కుట్టు దాకా అంది."

"కొత్తగా చేరింది. దానికేం తెలుసు."

"కాలిన వాసన వచ్చినప్పుడు మీరు గట్టిగా పట్టుకున్నారని ఆవిడ అంటోంది. మత్తు ఎక్కకముందే కాల్చారా?"

"మత్తులో ఉన్నవాళ్ళకి ఏవేవో అనిపిస్తాయి."

"మత్తు నడుం కిందికి కదమ్మా. బుర్రకి కాదే."

తడిగుడ్డ సన్నగా దగ్గాడు. "అన్నా, డాక్టరమ్మ గారికి లోపల పేషెంటు ఎదురుచూస్తోంది. నీ ప్రశ్నలు రేపు మండలిలో అడుగుదువుగాని. నేనూ వింటాను."

డాక్టరమ్మ వెళ్ళిపోయింది. తలుపు ఆమె తీయలేదు. తమ్ముడు తీసి పట్టుకున్నాడు. అలవాటుగా పట్టుకున్నాడు.

అనుమతి కాగితం అప్పుడు మేనేజరుకి చూపించాను. ఆపరేషన్ గదులు రెండు. ఒకటి ఖాళీ, రెండోది వాడకంలో ఉంది. ఖాళీ గది తాళం తీసి మేనేజరు మమ్మల్నిద్దరినీ లోపలికి పంపాడు. ఇంతలో నర్సు వచ్చి, "సార్, రెడీ," అంది.

"ఎవరో బ్యాంకు వాళ్ళొచ్చారు," అన్నాడు మాతో. "మీరు చూస్తూ ఉండండి."

గదిలో బల్ల ఉంది. బల్ల మధ్యలో నిలువుగా రెండు కడ్డీలు, వాటి మధ్య తెర కట్టే తీగ. తల వైపు ఒక స్టూలు. ఆ స్టూలు మీద మెత్తటి దిండు వేసి ఉంది. ఎక్కువసేపు కూర్చునేవాళ్ళకే దిండు కావాలి. కాళ్ళ వైపు మరో స్టూలు. దాని మీద దిండు లేదు గానీ, కూర్చుని కూర్చుని తోలు నలిగి మధ్యలో చీలింది.

నేను బూట్లు విప్పి బల్లెక్కి పడుకున్నాను.

"ఏంటన్నా ఈ వయసులో?" అన్నాడు తడిగుడ్డ.

"ఆ దిండు స్టూలు మీద కూర్చో. నా చెయ్యి పట్టుకో."

"సిగ్గేస్తోందన్నా."

"నీకా?"

కూర్చున్నాడు. పట్టుకున్నాడు. వాడి చెయ్యి చల్లగా ఉంది, వాడి మాటలాగే.

"ఇప్పుడు వదలకుండా నా మోకాలు అందుకో."

రెండో చెయ్యి చాపాడు. తెర తీగ దగ్గరే ఆగిపోయింది. లేచి వంగి చూశాడు. నా బొడ్డు దాటలేదు.

"మోకాలే అందలేదు," అన్నాను. "ఇక మిగతాది."

వాడు నా చెయ్యి వదిలేసి రుమాలుతో తుడుచుకున్నాడు. "వదిన పోయినప్పటినుంచి నీకు డాక్టర్లందరూ యముళ్ళలాగే కనబడుతున్నారన్నా. తప్పు పట్టను. కానీ ఒక ఆడమనిషి మాట పట్టుకుని ఇంత పెద్ద క్లినిక్‌ని మూయిస్తావా?"

"ఆరుగురు."

"ఒక్కతే. మిగతా ఐదుగురూ ఇష్టపడే వెనక్కి తీసుకున్నారు."

"ఫోటోల సంగతి చెప్పాక."

"బెదిరించలేదన్నా. జరగబోయేది చెప్పాను. తెలిసి చెప్పకపోతే పాపం కదా." కడ్డీని వేలితో తుడిచి దుమ్ము చూసుకున్నాడు. "రేపు ఆవిడ కూడా రాదు. వాళ్ళత్త వెళ్ళమంటుంది, మొగుడు రానివ్వడు. పొద్దున డిపో దగ్గర అతన్ని కలిశాను. చిన్న మాట చెవిన వేశాను."

నేను బూట్లు తొడుక్కుంటున్నాను. తల ఎత్తి వాడి మొహం చూశాను. మామూలుగానే ఉంది.

"ఏం చెప్పావు?"

"నీ పెళ్ళాం అందం కోసం కోయించుకుంది, ఎవరి కోసమో అడుగు అన్నాను. అంతే."

వాణ్ణి కొట్టాలనిపించింది. ఆ కడ్డీ ఊడదీసి కొట్టాలనిపించింది. కొట్టి ఉంటే రేపటి విచారణ వాడి పళ్ళ గురించి జరిగేది. లేచి తలుపు దగ్గరికి వెళ్ళాను, వాడికి దూరంగా ఉండడానికి.

తలుపుకి గుండ్రటి అద్దం ఉంది. అందులోంచి వసారా చివర నీళ్ళ తొట్టి కనబడింది. దాని ముందు మేనేజరు నిలబడి ఉన్నాడు. చొక్కా మీద ఆకుపచ్చ గౌను. చేతులు మోచేతుల దాకా కడిగి, రెండూ గాలిలోకి నిలువుగా ఎత్తి పట్టుకున్నాడు. నీళ్ళు మోచేతుల మీంచి కారుతున్నాయి. కుళాయిని మోచేత్తో నెట్టి కట్టేశాడు. నర్సు తొడుగులు పట్టుకుంటే వేళ్ళు అందులోకి దూర్చాడు. వీపుతో తలుపు తోసుకుని రెండో గదిలోకి వెళ్ళాడు.

"బ్యాంకు వాళ్ళతో మాట్లాడ్డానికి అంతలా కడుక్కోవాలా?" అన్నాను.

"ఏంటన్నా?"

"మీ కామర్సు డాక్టరు. లోపలికి వెళ్ళాడు. నడు, చేతిలో కత్తి ఉండగా పట్టుకుందాం."

నేను తలుపు తీశాను. తడిగుడ్డ నాకంటే ముందు దూరి వసారాలో అడ్డం నిలబడ్డాడు. పాతికేళ్ళ పరిచయంలో వాడు తనంతట తానుగా నన్ను ముట్టుకోవడం అదే మొదలు. రెండు చేతులూ నా ఛాతీ మీద పెట్టి ఆపాడు.

"వెళ్ళకు."

"తప్పుకో."

"లోపల పేషెంటు ఉందన్నా. గుడ్డలుండవు. మగాడివి, ఎలా వెళ్తావు?"

"మేనేజరు ఆడదా?"

"చెబితే వినన్నా." గొంతు ఇంకా తగ్గించాడు. "లోపల ఉన్నది మా అమ్మాయి."

నేను వాడి చేతులు దించలేదు. వాడే దించుకున్నాడు.

"కాన్పు అయ్యాక కుట్లు సరిగ్గా పడలేదని బాధపడేది," అన్నాడు. "డాక్టరమ్మ గారు నేనే స్వయంగా చేస్తానన్నారు. మా అల్లుడికి కూడా తెలీదు."

"ఆవిడే చేస్తోందా?"

"ఆవిడే."

"మరి వాడెందుకు వెళ్ళాడు?"

పోలీసుగా వాడు తెలివైనవాడే. పక్క గదిలో నా చెయ్యి పట్టుకుని వంగింది వాడే. బొడ్డు దాటనిది వాడి చెయ్యే. లెక్క కట్టడానికి వాడికి ఎంతోసేపు పట్టదు. కట్టాడు. కట్టాక కూడా కదల్లేదు. కదిలితే ఆ ఐదుగురికీ చెప్పినదంతా ఏమవుతుందో అది కూడా కట్టి ఉంటాడు.

రెండో గది తలుపు తెరుచుకుంది. నర్సు పరుగున వచ్చింది. తొడుగులు మణికట్ల దాకా ఎర్రగా ఉన్నాయి. మమ్మల్ని దాటి అలమార దగ్గరికి పోయి గుడ్డల కట్టలు గుండెకి హత్తుకుంది.

"మత్తు డాక్టరు నంబరు ఎవరి దగ్గరుంది?" అని అరిచింది రిసెప్షన్ వైపు. "సూది వేసి వెళ్ళిపోయాడు, ఫోనెత్తడం లేదు."

తడిగుడ్డ ఆమెని తోసుకుని లోపలికి వెళ్ళాడు. వాడి వెనకే నేను.

తల దగ్గర దిండు స్టూలు మీద డాక్టరమ్మ కూర్చుని ఉంది. తెర ఇవతల కాళ్ళ మధ్య ఆమె తమ్ముడు. ఒక చేత్తో గుడ్డ అదిమి పట్టాడు. గుడ్డ తెల్లగా లేదు. కింద గిన్నెలో పడుతున్న చప్పుడు వినబడుతోంది. నేను మొహం గోడ వైపు తిప్పుకుని ఫోన్ తీశాను. పెద్దాసుపత్రికి చెప్పాను. బండి బయల్దేరింది, పావుగంట అన్నారు.

"అక్కా, నువ్వు రా," అన్నాడు మేనేజరు. "పెద్ద రక్తనాళమేదో తెగింది. నాకు దొరకడం లేదు."

డాక్టరమ్మ లేచి వచ్చింది. పట్టకారు అందుకుంది. అది ఇనప పళ్ళెం అంచుకి తగిలి టకటకా కొట్టుకుంది. ఆమె దాన్ని ఆపడానికి రెండో చెయ్యి కూడా వేసింది. అప్పుడు రెండు చేతులూ వణికాయి. ఆ జేబుల్లో ఇన్నాళ్ళూ ఏం దాచిందో గదిలో అందరం చూశాం.

"నావల్ల కాదు," అంది. "రెండేళ్ళయింది నావల్ల కాక."

"నాన్నా?" తెర అవతలి నుంచి పిలుపు. గొంతు మామూలుగా ఉంది. ఆ పిల్లకి నొప్పి తెలియడం లేదు. "నీ గొంతు విన్నట్టనిపించింది. నువ్వెందుకొచ్చావు లోపలికి? సిగ్గులేదూ?"

తడిగుడ్డ తెర వైపు ఒక అడుగు వేసి ఆగాడు.

నేను మేనేజరుని అడిగాను. "బస్సు డ్రైవరుని కోసింది నువ్వేనా?"

"ఇప్పుడా సార్ అది?"

"ఇప్పుడే."

ఇది కఠినమని నాకు తెలుసు. రేపు ఉదయం ఒక ఆడమనిషి ఒంటరిగా నిలబడబోతోంది. ఆమెకి కావలసిన మాట ఈ గదిలో ఉంది. వినాల్సిన సాక్షి నా పక్కన ఉన్నాడు. పావుగంట తర్వాత ఈ మాట దొరకదు.

"నేనే," అన్నాడు తల ఎత్తకుండా. "ఆరుగుర్నీ నేనే. అక్క చెబుతూ ఉంటే చేశాను. వంద మందికి బాగానే అయ్యాయి."

"నువ్వు డాక్టరువా?"

"కాదు."

తెర అవతలి నుంచి చాలా మెల్లగా, "నాన్నా, ఎవరు డాక్టరు కాదంటున్నారు?"

గుడ్డ నిండిపోయింది. నర్సు ఇంకోటి అందించింది. అదీ నిండుతోంది. మేనేజరు నుదుటి చెమట కంట్లోకి దిగింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"బండి వచ్చేదాకా ఇలా పట్టుకుంటే ఆగదు," అన్నాడు. "కనబడకపోయినా లోతుగా ఒక కుట్టు వేస్తే ఆగొచ్చు. తప్పు చోట పడితే ఈ అమ్మాయికీ ఆ డ్రైవరమ్మ గతే. ఇంకా ఘోరం కూడా కావచ్చు." మొదటిసారి తల ఎత్తాడు. నా వైపు చూడలేదు. తండ్రి వైపు చూశాడు. "కుట్టమంటారా, వద్దంటారా? త్వరగా చెప్పండి."

తడిగుడ్డ డాక్టరమ్మ వైపు చూశాడు. ఆమె గోడకి ఆనుకుని చేతులు చంకల్లో దాచుకుంది. నా వైపు చూశాడు. నా దగ్గర వాడికివ్వడానికి ఏమీ లేదు.

"నాన్నా, మాట్లాడవేం?"

"కుట్టు," అన్నాడు.

మేనేజరు సూది అందుకున్నాడు.